ఖాళీ పెట్టె కట్టారా?

మా ఇంట్లో ఒక రైలుంది. ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ చెక్క మీద అది బయలుదేరుతుంది. ఆ చెక్క మీదే గుండ్రంగా తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి ఆగుతుంది. "ఈ మాత్రం దూరం నేను వంటింట్లోంచి హాల్లోకి రోజుకి వందసార్లు తిరుగుతాను. నన్ను చూడ్డానికి మాత్రం ఒక్కరూ రారు" అంటుంది అమ్మ.

రైలు నాన్నది. 1973లో గూడ్సు గార్డుగా కాజీపేటలో ఉద్యోగంలో చేరి, 2009లో రిటైరైన మనిషి. కొన్నేళ్ళుగా అమ్మా నాన్నా మా దగ్గరే, హైటెక్ సిటీ పక్కన ఆరో అంతస్తు అపార్టుమెంటులో ఉంటున్నారు. ఈ వయసులో నలుగురూ గుళ్ళూ గోపురాలూ తిరుగుతారు. నాన్న మాత్రం బొగ్గింజను కాలం నాటి గూడ్సు బండిని వేలెడంత సైజులో మళ్ళీ కట్టుకుంటున్నాడు. అందులోనూ ఆయనకి ప్రాణం ట్యాంకు వ్యాగన్లంటే. నూనె మోసే ఆ గుండ్రటి పీపా బండ్లే. ప్రయాణికుల పెట్టెలు రెండున్నాయి, ఏదో ఉండాలి కాబట్టి. ట్యాంకు వ్యాగన్లు మాత్రం ఇరవై ఆరు.

"ఇన్ని ట్యాంకులెందుకు నాన్నా?" అని అడిగాను ఒకసారి.

"నూనె బండి అంటే ఇన్ని ఉండాలమ్మా" అన్నాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. మొదట్లో వాడే అక్కణ్ణుంచి పెట్టెలు పంపించేవాడు. ఎనిమిది చక్రాలు, నెత్తి మీద బుడిపె, ఒంటి నిండా రంగురంగుల అక్షరాలు. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. మా అబ్బాయి వాటిని వదిలేవాడు కాదు. నాన్న మాత్రం ఒక్కొక్కటీ విప్పి, కళ్ళజోడు పైకి తోసి, నాలుగువైపులా తిప్పి చూసి, "బావుంది. కానీ ఇది మన లైను మీద నడవలేదు" అని పక్కన పెట్టేవాడు. పెళ్ళిచూపుల్లో జాతకం కలవలేదన్నట్టుగా!

నవలలు రాసుకునేదాన్ని. బి.ఏ.లో చరిత్ర చదివినా, చరిత్రంటే నాకు రాజులూ సంధులూ తేదీలే. ఈ పీపా బండ్లకి కూడా ఒక చరిత్ర ఉంటుందని, అది మా ఇంటి కిటికీ దాకా వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అన్నయ్య పంపిన వాటిలో ఒకదాని మీద 'యు.టి.ఎల్.ఎక్స్.' అని ఉంది. "చివర ఎక్స్ ఎందుకు తాతయ్యా?" అని అడిగాడు మా అబ్బాయి. తాతగారికి తెలీలేదు. తాతగారికి తెలీని రైలు సంగతి ఒకటుందంటే నాకే పట్టుదల వచ్చి పుస్తకాలు తిరగేశాను. అలా మొదలైంది నా చదువు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం టైటస్‌విల్ దగ్గర 1859 ఆగస్టులో డ్రేక్ అనే ఆయన తవ్వించిన బావిలో నూనె పడింది. బావి తవ్వడం ఒక కష్టమైతే, పడిన నూనెని ఊరు దాటించడం అంతకు మించిన కష్టం. చెక్క పీపాల్లో పోసి, గుర్రబ్బళ్ళ మీద బురదలో లాక్కుపోయేవాళ్ళు. పీపాలు కారేవి. ఒక్కోసారి లోపలి నూనె కన్నా పీపా ఖరీదే ఎక్కువయ్యేది. మన సామెతలో కోడి కన్నా దిష్టి ఎక్కువైనట్టు.

1865లో ఏమస్, జేమ్స్ డెన్స్‌మోర్ అనే అన్నదమ్ములు ఒక ఉపాయం చేశారు. చదునుగా ఉండే రైలు బండి మీద రెండు పెద్ద చెక్క తొట్లు నిలబెట్టి, ఒక్కోదాంట్లో నలభై పీపాల పైచిలుకు నూనె పోశారు. ప్రపంచంలో మొదటి నూనె వ్యాగన్లలో అదొకటి. మరుసటేడు పేటెంటు కూడా తెచ్చుకున్నారు. కానీ బరువంతా పైనే ఉండడంతో మలుపుల్లో అది తూలిపోయేది. నాలుగైదేళ్ళు తిరక్కుండానే ఇనప రేకుతో చేసి, అడ్డంగా పడుకోబెట్టిన పీపా వచ్చింది. ఈ రోజుకీ ట్యాంకు వ్యాగన్ది అదే రూపం. నెత్తి మీద బుడిపె ఎందుకంటే, ఎండకి నూనె వ్యాకోచిస్తుంది, ఆ పొంగడానికి కాస్త చోటుండాలి. నిండా పోసి మూత బిగిస్తే నూనైనా మనిషైనా ఒకటే.

ఆ జేమ్స్ డెన్స్‌మోరే తర్వాత షోల్స్ అనే ఆయన టైప్‌రైటరు కనిపెడుతుంటే డబ్బు పెట్టి, వెంటపడి, అది 1870ల్లో బజారుకి వచ్చేదాకా వదల్లేదు. ఈ సంగతి చదివినప్పుడు నేను నా బల్ల మీదున్న మీటల పలకని ఒకసారి చూసుకున్నాను. మా నాన్న పిచ్చికీ నా వృత్తికీ ఒకే మనిషి చేతి తడి తగిలిందన్నమాట!

ఇక ఎక్స్ సంగతి. యూనియన్ ట్యాంక్ లైన్ అని ఒక కంపెనీ ఉండేది. రాక్‌ఫెల్లర్ గారి స్టాండర్డ్ ఆయిల్ దాన్ని చేజిక్కించుకుంది. నూనె బావులు ఎవరివైతేనేం, మోసే బండ్లు మనవైతే చాలునన్నది ఆయన సూత్రం. బండి దొరక్కపోతే పోటీదారుడి నూనె బావి దగ్గరే ఉండిపోతుంది కదా! 1911లో అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ని 34 ముక్కలు చేసినప్పుడు ఈ ట్యాంకుల కంపెనీ కూడా ఒక ముక్కై విడిపోయింది. బండి మీది అక్షరాల చివర ఎక్స్ ఉంటే అది రైల్వే కంపెనీది కాదు, ప్రైవేటు ఆసామీదని గుర్తు.

ఇదంతా నాన్నకి చెప్తే శ్రద్ధగా విని, "మన దగ్గర అలా కాదు. బండి రైల్వేది, సరుకు కంపెనీది" అన్నాడు. ఆ వెంటనే, "అయితే మన దేశానికి నూనె మొదట బండ్లో రాలేదు. డబ్బాలో వచ్చింది" అన్నాడు.

నిజమే. మా అమ్మమ్మ ఇంట్లో ఆ డబ్బాలుండేవి. సుమారు పద్దెనిమిది లీటర్లు పట్టే చదరపు రేకు డబ్బా. రెండేసి డబ్బాలు ఒక చెక్క పెట్టెలో పెట్టి ఓడల్లో పంపేవాళ్ళు. కిరసనాయిలు అయిపోయాక అసలు డబ్బా బతుకు మొదలయ్యేది. పైన కర్ర బిగిస్తే నీళ్ళు మోసే డబ్బా, మూత పెడితే బియ్యం డబ్బా, పక్కన కన్నం కొడితే పొట్టు పొయ్యి, విప్పి చదును చేస్తే పాక మీద కప్పు. మార్కస్ శామ్యూల్ అనే లండను వర్తకుడు 1892లో మ్యూరెక్స్ అనే ఓడలో నూనెని డబ్బాలేవీ లేకుండా ట్యాంకులోనే నింపి, సూయజ్ కాలువ మీదుగా ఆసియాకి పంపించాడు. తర్వాత షెల్ కంపెనీ పెట్టింది ఆయనే. చౌకగా వస్తోంది, జనం చెంబులూ బిందెలూ తెచ్చుకుని కొనుక్కుంటారనుకున్నాడు. కొనలేదు! వాళ్ళకి నూనెతో పాటు డబ్బా కావాలి. చివరికి ఆయన రేకు పంపించి ఇక్కడిక్కడే డబ్బాలు చేయించాల్సి వచ్చింది. కోట్లకు పడగలెత్తిన వర్తకుడికి తట్టని సంగతి మా అమ్మమ్మకి తెలుసు. నూనె ఇవాళ వెలిగి రేపు ఆరిపోతుంది, డబ్బా ఉంటుంది.

ఇంగ్లండులో ఈ పీపా బండ్లు పిల్లల చేతికి కూడా వచ్చాయి. మెకానో కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో బొమ్మ రైళ్ళు మొదలుపెట్టాడు. కొద్ది కాలంలోనే షెల్, ప్రాట్స్, నేషనల్ బెంజోల్ పేర్లు రాసిన రేకు ట్యాంకు వ్యాగన్లు వాటి వెనక చేరాయి. పిల్లవాడికి అది బొమ్మ, కంపెనీకి అది ప్రకటన. వాటిలో 'రాయల్ డేలైట్' అని ఒకటుంది. అది దీపాల్లో పోసుకునే నూనె పేరు. రాజావారి పగటి వెలుగు! బుడ్డి దీపానికి అంత పేరు పెట్టిన మనిషెవరో గానీ, నవలలకి పేర్లు పెట్టే పని ఆయనకిస్తే బాగుండేది.

నాన్న దగ్గర అలాంటి రంగు బండ్లు లేవు. చిన్న నాలుగు చక్రాల బండ్లు. మసి రంగు వేసి, పక్కన సూదంత బ్రష్షుతో రైల్వే అక్షరాలు రాస్తాడు. ఒకరోజు ఒకదాని మీద రాసినవి తుడిచేసి మళ్ళీ రాస్తున్నాడు. ఎందుకని అడిగితే, "పాతది అనుకుని సి.ఆర్. అని రాశానమ్మా. నాది 1974. ఎస్.సి. ఉండాలి" అన్నాడు. సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న పుట్టింది. అంతకు ముందు మన సికింద్రాబాదు డివిజను సెంట్రల్ రైల్వేలో ఉండేది. రెండక్షరాల తేడా. ఆరు నెలలు కళ్ళు పోయేలా చూసినా నాకు కనిపించని తేడా.

"ఎవరు చూస్తారు నాన్నా?" అన్నాను.

ఆయన నవ్వి, "నీ నవలలో నేను చూడలేదూ?" అన్నాడు.

ఇక్కడ నా పరువు సంగతి ఒకటి చెప్పక తప్పదు. నా నవల ఒకదాంట్లో 1969లో నాయిక రైలు కిటికీలోంచి భారత్ పెట్రోలియం బోర్డు చూస్తుంది. ఆ బోర్డు కింద నిలబడ్డ మనిషిని గుర్తుపడుతుంది. కథంతా అక్కడే మలుపు తిరుగుతుంది. సీరియల్‌గా వచ్చినన్నాళ్ళూ ఒక్కరూ మాట్లాడలేదు. పుస్తకం వచ్చాక నాన్న చదివి, అట్ట మూసి, మెల్లిగా అన్నాడు: "బాగా రాశావు. కానీ అప్పటికి ఆ కంపెనీ ఇంకా పుట్టలేదమ్మా. అది బర్మాషెల్."

అవును. బర్మా ఆయిల్, షెల్ రెండూ కలిసి 1928లో పెట్టుకున్న బర్మాషెల్‌ని మన ప్రభుత్వం 1976 జనవరిలో స్వాధీనం చేసుకుంది. మరుసటేడు దానికి భారత్ పెట్రోలియం అని పేరు వచ్చింది. ఎస్సో సంగతీ అంతే. 1974 జులైలో హిందుస్తాన్ పెట్రోలియం అయింది. విశాఖపట్నంలో 1957లో రిఫైనరీ కట్టిన కాల్టెక్స్ కూడా 1978లో అందులోనే కలిసింది. నేను ఎనిమిదేళ్ళ తర్వాత పుట్టబోయే పేరు కింద హీరోని నిలబెట్టి కన్నీళ్ళు కార్పించాను. రెండు రోజులు నాన్న మీద కోపంగా ఉండి, మూడో రోజు రెండో ముద్రణకి బోర్డు మార్చాను.

అప్పటినుంచీ ఆయన చెక్క వైపు వేరే కళ్ళతో చూడడం మొదలుపెట్టాను. దాని మీద ఒక మూల చిన్న నూనె డిపో ఉంది. అగ్గిపుల్ల మీద బియ్యపు గింజంత బోర్డు. భూతద్దం పెట్టి చూస్తే 'బర్మాషెల్' అని ఉంటుంది. మేము నవలాకారులం పది పేజీల్లో చెప్పే కాలాన్ని ఆయన ఒక బోర్డులో చెప్పేశాడు.

అలాగని అక్కడ అంతా నిజమే అనుకోకండి. ఒక పెద్ద అబద్ధం ఉంది. అది నాన్నే ఒప్పుకున్నాడు. ఆ బొమ్మలు అసలు బండిలో 87వ వంతు. బజార్లో దొరికే పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1435 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే అమెరికా, ఇంగ్లండు దేశాల గేజి. మనది ఐదడుగుల ఆరంగుళాలు, 1676 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం నాన్న పట్టాలు పంతొమ్మిది మిల్లీమీటర్ల పైన ఉండాలి. అలాంటివి కావాలంటే పట్టా నుంచి చక్రం దాకా అన్నీ చేత్తో చేసుకోవాలి. "అంత ఆయుష్షు లేదమ్మా. పట్టాల దగ్గర రాజీ పడ్డాను. బండ్ల దగ్గర పడను" అన్నాడు. ఎక్కడ రాజీ పడాలో, ఎక్కడ పడకూడదో తెలిసిన మనిషి సగం రచయిత!

ఒకరోజు సాయంత్రం ఆయన్ని హైటెక్ సిటీ స్టేషనుకి తీసుకెళ్ళాను. మావారు ఆఫీసు నుంచి ఎమ్.ఎమ్.టి.ఎస్.లో వస్తారు, ఎదురెళ్దామన్నది సాకు. మెడలో బిళ్ళలు, చెవుల్లో తీగలూ పెట్టుకున్న కుర్రాళ్ళతో ప్లాట్‌ఫాం నిండిపోయి ఉంది. మీరూ అక్కడ దిగే ఉంటారు. ఆ పట్టాల వయసెంతో ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరులో ప్రారంభించారు, ఎమ్.ఎమ్.టి.ఎస్. 2003 ఆగస్టులో వచ్చింది కాబట్టి రైలు కూడా అప్పటిదేననుకున్నాను.

కాదు. అది 1874 అక్టోబరులో మొదటి బండి నడిచిన దారి. బొంబాయి నుంచి వచ్చే లైను వాడి దగ్గర నిజాం రాజ్యాన్ని తాకుతూ పోతుంటే, అక్కణ్ణుంచి సికింద్రాబాదుకి నిజాం ప్రభుత్వం తన డబ్బుతో వేయించిన లైను ఇది. అప్పటికి ఆరో నిజాం పసివాడు, రాజ్యం చూస్తున్నది దివాను మొదటి సాలార్‌జంగ్. సైబర్ టవర్స్ కన్నా 124 ఏళ్ళు పెద్దదన్నమాట. బోరబండ, హఫీజ్‌పేటల మధ్య రాళ్ళ గుట్టల్లోంచి బొగ్గు పొగతో బండి పోతుంటే చూసిన మేకల కాపరికి, ఇక్కడ ఒకనాడు అద్దాల మేడలు లేస్తాయంటే నమ్మేవాడా?

ఆ లైను కోసం హైదరాబాదులో పెద్ద గొడవే జరిగింది. రైల్వేని లండను కంపెనీకి అప్పగించి, చాందా వైపూ బెజవాడ వైపూ పొడిగించాలని, లాభం వచ్చినా రాకపోయినా కంపెనీ వాటాదారులకి ఖజానా నుంచి వడ్డీ కట్టిస్తామని హామీ ఇవ్వాలని 1883లో ఒప్పందం నడిచింది. ఆ హామీ వల్లే కంపెనీ పేరులో 'గ్యారంటీడ్' అని చేరింది. ఈ పథకం లోతుపాతులు జనానికి తెలియాలని పట్టుబట్టిన వాళ్ళలో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఒకరు. అందుకు ఆయన్ని రాజ్యం నుంచి పంపించేశారు. అప్పటికి ఆయన కూతురు సరోజినికి నాలుగేళ్ళు. ఆవిడే తర్వాత సరోజినీ నాయుడు. లైను 1889కి బెజవాడ చేరింది. దారిలో సింగరేణి బొగ్గు దొరికింది, ఇంజన్లకి మేత దొరికింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేని కొనేసింది.

మేం నిలబడి ఉండగానే ఒక నూనె బండి వచ్చింది. ఇప్పటి ట్యాంకులు ఎనిమిది చక్రాలవి. ఒక్కోదాంట్లో డెబ్భై వేల లీటర్ల దాకా పడుతుందట. ఆగకుండా, ప్లాట్‌ఫాం అదిరేలా పోతోంది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ తలెత్తలేదు. నాన్న పెదవులు కదుపుతూ లెక్క పెడుతున్నాడు. చివరి పెట్టె దాటేటప్పుడు లేచి నిలబడి చెయ్యెత్తాడు. అవతలి గార్డు పచ్చ జెండా ఊపాడు. 2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజరు అంటున్నారని చెప్పాను. ఆయన ప్లాట్‌ఫాం మీది కుర్రాళ్ళనందర్నీ ఒకసారి కలయజూసి, "పోన్లే, ఇక్కడ అందరూ మేనేజర్లేగా" అన్నాడు.

ఇక అసలు సంగతి. మా అబ్బాయి వచ్చే ఏడు పదో తరగతి. వాడికొక గది కావాలి. ఉన్నవి మూడు గదులు. సంక్రాంతికే నాన్నకి చెప్పేశాను, "వేసవికల్లా ఆ చెక్క తీసేద్దాం నాన్నా, పెట్టెలన్నీ జాగ్రత్తగా అట్టపెట్టెలో సర్దుదాం" అని. "సరేనమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటే. మర్నాటి నుంచీ ఇంకా పొద్దున్నే లేచి ఆ గదిలోకి వెళ్ళేవాడు. చెప్పేసినందుకు తేలిగ్గా అనిపించాలి కదా, అనిపించలేదు.

మొన్న ఆదివారం నాన్న పడుకున్నప్పుడు మా అబ్బాయి వెళ్ళి రైలు కట్టాడు. పొగ గొట్టం ఇంజను ముందు పెట్టి, దాని వెనకే వరసగా ట్యాంకులన్నీ తగిలించాడు. చూడ్డానికి దండలా ఉంది. స్విచ్చి వేయబోతుంటే, ఎప్పుడూ ఆ గది గడప తొక్కని అమ్మ, చేతిలో బెండకాయల పళ్ళెంతో గుమ్మంలో ఆగింది.

"ఆగరా! అలా కట్టకూడదు" అంది.

పళ్ళెం నా చేతికిచ్చి లోపలికొచ్చింది. చెక్క మీద వెతికి, మూలనున్న రెండు మామూలు పెట్టెలు తీసి, ఇంజనుకీ మొదటి ట్యాంకుకీ మధ్య పెట్టింది. ఇంకొకటి తీసి, చివరి ట్యాంకుకీ గార్డు పెట్టెకీ మధ్య పెట్టింది.

"బొగ్గింజను నిప్పురవ్వలు కక్కుతుందిరా. నూనె దాని వెనకే ఉండకూడదు. మధ్యలో ఖాళీ పెట్టెలుండాలి. వెనక మీ తాతయ్య చేతిలో లాంతరుతో కూర్చుంటారు. అక్కడా ఉండాలి" అంది.

వాడికన్నా నేనే ఎక్కువ తెల్లబోయాను. "నీకెలా తెలుసమ్మా?"

"తెలీకేం?" అని మళ్ళీ పళ్ళెం అందుకుంది. బెండకాయలు తరుగుతూ, ఎవరి కథో చెప్పినట్టు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో నాన్నకి నూనె బండి పడిందంటే ఆవిడకి నిద్రుండేది కాదట. ఎదురుగా నిప్పులు కక్కే ఇంజను, మధ్యలో లక్షల లీటర్ల పెట్రోలు, వెనక కిరసనాయిలు లాంతరు పట్టుకుని తన మొగుడు. భయమేస్తోందని చెప్పడానికి సిగ్గు. అందుకని డ్యూటీకి వెళ్ళేటప్పుడు క్యారేజీ చేతికిచ్చి ఒకే ఒక్క మాట అడిగేదట, "ఖాళీ పెట్టె కడతారుగా?" అని. వచ్చాక మళ్ళీ, "ఖాళీ పెట్టె కట్టారా?" అని.

"ఓ రాత్రి పొద్దుపోయినా రాలేదు. తెల్లవారినా రాలేదు. మీ అన్నయ్య కడుపులో ఉన్నాడు. కాలనీలో ఎవరి తలుపు చప్పుడైనా గుండె ఆగినంత పనయ్యేది. పొద్దెక్కాక వచ్చారు, ఒళ్ళంతా మసి. దారిలో ఆ ఖాళీ పెట్టె ఇరుసు వేడెక్కిపోయిందట. దాన్ని విడదీసి పక్కన పెట్టారు. అది లేకుండా కదిలేది లేదని ఈయన కూర్చున్నారట. ఇంకో పెట్టె తెచ్చి కట్టేసరికి నాలుగ్గంటలు. నన్ను చూసి ఏమన్నారో తెలుసా? నేను అడక్కముందే 'కట్టాకే బయలుదేరాం' అన్నారు."

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో. చెక్క మీద బండిని ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా ఒకసారి చూశాడు. "కరెక్టుగానే కట్టావే" అన్నాడు అమ్మతో.

"యాభై ఏళ్ళు వింటే గోడలకైనా వస్తుంది" అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇరవై ఆరు ట్యాంకులెందుకని నేనడిగిన ప్రశ్నకి జవాబు నాకప్పుడు దొరికింది. ప్రమాదం జరిగితే పేపర్లో పడుతుంది, పుస్తకాలకెక్కుతుంది, తేదీ ఉంటుంది. జరగకుండా ఆగిపోయిన ప్రమాదానికి తేదీ ఉండదు. ఎక్కడో చిన్న స్టేషనులో నాలుగ్గంటలు ఆలస్యమైన బండి గురించి ఏ చరిత్రకారుడూ రాయడు. ఆ రాత్రులన్నీ క్షేమంగా గడిచాయనడానికి మిగిలిన సాక్ష్యం ఈ చెక్క మీది పెట్టెలే. బహుశా నా పుట్టుకా అందులోదే.

చెక్క తీయడం లేదు. మా అబ్బాయికి నా రాత గది ఇచ్చేశాను. నా బల్ల ఎటూ పట్టక అమ్మేశాం. ఈ వ్యాసం భోజనాల బల్ల మీద రాస్తున్నాను. పక్కన పప్పు గిన్నె ఉంది. ఇందాక అమ్మ వచ్చి, నా కాగితాలకీ పప్పు గిన్నెకీ మధ్య ఒక ఖాళీ పళ్ళెం పెట్టి వెళ్ళింది.